ప్రాణం తీసే మత్తుమందు అమ్మినవాడికి ఉరా, ఇరవై ఏళ్లా, వీగిపోని కేసా: ఏది మేలు?

హెరాయిన్ పట్టుబడినా, ట్రమడాల్ అనే నొప్పి మాత్రల మూటలు దొరికినా, ఓవర్‌డోస్‌తో ఓ కుర్రాడు చనిపోయినా అందరూ అడిగేది ఒకటే: అమ్మినవాణ్ని ఉరి తీయరేం? కాస్త నెమ్మదిగా ఆలోచించేవాళ్లు మరోలా అడుగుతున్నారు. శిక్ష పెంచాలా, చావుకు దారితీసిన అమ్మకానికి వేరే సెక్షన్ పెట్టాలా, ఉన్న చట్టంతోనే కేసులు నిలబెట్టుకోవాలా?

ముందు ఒక అపోహ తీసేయాలి. మన శిక్షలు తక్కువేమీ కావు. ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం కింద హెరాయిన్ 250 గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. దానికి కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా 20 ఏళ్ల కఠిన కారాగారం, లక్ష నుంచి 2 లక్షల దాకా జరిమానా. 2018 ఏప్రిల్‌లో ఈ చట్టం కిందికి తెచ్చిన ట్రమడాల్‌కూ హద్దు 250 గ్రాములే. ఫెంటానిల్ అనే చాలా బలమైన నొప్పి మందుకు 0.1 గ్రాము. పైగా 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు, కల్తీగా కలిపిన పిండితో సహా మొత్తం బరువు లెక్కలోకి వస్తుందని తేల్చింది. అంటే ఫెంటానిల్ ఏ కొంచెం కలిసినా 0.11 గ్రాముల మాత్ర ఒక్కదానితో పదేళ్ల కేసు. ట్రమడాల్ మాత్ర 0.4 గ్రాములు తూగితే 626వ మాత్రకు హద్దు దాటుతుంది. అమెరికా ఫెడరల్ చట్టంలో ఫెంటానిల్‌కు పదేళ్ల కనీస శిక్ష పడాలంటే 400 గ్రాముల మిశ్రమం ఉండాలి, ఐదేళ్లకు 40 గ్రాములు.

ఇక ఉరి. అదీ మన చట్టంలో ఉంది. 1989 సవరణతో వచ్చిన 31ఏ సెక్షన్ ప్రకారం, ఒకసారి పెద్ద కేసులో శిక్షపడినవాడు మళ్లీ కిలో లేదా అంతకు మించిన హెరాయిన్‌తో దొరికి నేరం రుజువైతే మరణశిక్ష తప్పనిసరి. ఆ తప్పనిసరి అన్నదాన్ని 2011లో బాంబే హైకోర్టు ఒప్పుకోలేదు. 2014లో పార్లమెంటు సెక్షన్‌నే మార్చి నిర్ణయం జడ్జికి వదిలింది. ఇన్నేళ్లలో ఈ చట్టం కింద ఎవరినీ ఉరి తీయలేదు. 2018 జులైలో పంజాబ్ మంత్రివర్గం మొదటిసారి దొరికినవాడికే మరణశిక్ష వేయాలని కేంద్రాన్ని కోరింది. సింగపూర్‌లో 15 గ్రాములు దాటిన స్వచ్ఛమైన హెరాయిన్‌కే ఉరి ఉంది కదా అని చాలామంది చూపిస్తారు. అది ఓ చిన్న ద్వీపం, సరిహద్దు దగ్గర ప్రతి బండినీ చూడగలిగే చోటు. గుజరాత్ నుంచి మణిపుర్ దాకా పరుచుకున్న దేశానికి ఆ కొలత సరిపోదు.

కఠిన శిక్ష పక్షాన గట్టి వాదన ఒకటుంది, దాన్ని దాటేయకూడదు. వాణిజ్య పరిమాణంతో దొరికినవాడికి 37వ సెక్షన్ వల్ల బెయిలు దాదాపు రాదు. లోపలున్నన్నాళ్లూ వాడు వీధిలో అమ్మలేడు. నిజమే. కానీ ఆ ఫలితం వచ్చింది బెయిలు నిబంధన వల్ల. ఇరవై ఏళ్లను ముప్పై చేసినంత మాత్రాన దానికి కొత్తగా కలిసేదేమీ లేదు. పైగా ఆ బరువుతో బస్సులోనో రైల్లోనో దొరికేది సాధారణంగా కూలికి మోసేవాడు. పెరిగిన శిక్ష పడేదీ వాడి మీదే.

చావుకు వేరే సెక్షన్ అన్న ఆలోచనకు నమూనా అమెరికా. అమ్మిన మందు వల్ల ఎవరైనా చనిపోతే అక్కడ కనీస శిక్ష 20 ఏళ్లు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఇదే న్యాయమనిపిస్తుంది, అందులో తప్పు లేదు. చిక్కంతా రుజువు దగ్గర. 2014లో బర్రేజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఆ మందు లేకపోయుంటే మనిషి బతికేవాడని చూపించాల్సిందేనంది. చనిపోయినవాళ్ల రక్తంలో తరచూ రెండు మూడు మందులు, మద్యం కలిసి ఉంటాయి. మన దగ్గర అదే చూపించాలంటే పోస్ట్‌మార్టంలో విసెరాతో (లోపలి అవయవాల నమూనాలతో) పాటు రక్తాన్నీ విడిగా సోడియం ఫ్లోరైడ్ కలిపి భద్రపరచాలి, మందు ఉందో లేదో చెప్పడంతో ల్యాబ్ ఆగకుండా ఎంత మోతాదో చెప్పాలి, ఆ పొట్లం ఫలానావాడి చేతినుంచే వచ్చిందని గొలుసు కలపాలి. గొలుసులో చివరి సాక్షి పక్కన కూర్చుని పీల్చిన స్నేహితుడే. వాడు 108కి ఫోన్ చేస్తే తనపైనే కేసు పడుతుందన్న భయంతో పారిపోతాడు. ఫోన్ చేసినవాడికి రక్షణ ఇవ్వకుండా ఈ సెక్షన్ ఒక్కటే తెస్తే చావులు పెరిగే ప్రమాదం ఉంది. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాలు సాయం కోసం ఫోన్ చేసినవాడికి రక్షణ ఇచ్చే గుడ్ సమారిటన్ చట్టాలు కూడా తెచ్చాయి.

మిగిలింది కేసు నిలబడటం. అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. శిక్ష ఎంత పెద్దదైతే కోర్టు విధివిధానాలను అంత గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి దర్యాప్తు మారకుండా శిక్ష మాత్రమే పెంచితే వీగిపోయే కేసులే పెరుగుతాయి. ఎక్కడ వీగిపోతాయో చూడండి.

మొదటిది సోదా. ఒంటిమీద వెతికే ముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో సోదా కోరే హక్కు ఉందని 50వ సెక్షన్ ప్రకారం నిందితుడికి చెప్పాలి. సంచి ఒక్కటే వెతికితే ఇది వర్తించదు. సంచితో పాటు జేబులూ తడిమిన పరమానంద్ కేసు 2014లో సుప్రీంకోర్టులో నిలవలేదు. దాడికి వచ్చిన బృందంలోని సూపరింటెండెంటు ముందైనా సరేనని మూడో దారి చూపించారు, నిందితులిద్దరికీ కలిపి ఒకే నోటీసు ఇచ్చారు. రెండూ తప్పేనంది కోర్టు.

రెండోది శాంపిల్. దాడి చేసిన చోటే ప్యాకెట్లు విప్పి శాంపిళ్లు తీసి సీలు వేయడం పాత అలవాటు. 52ఏ సెక్షన్ ప్రకారం అది మేజిస్ట్రేటు సమక్షంలో జరగాలి. 2022 నియమాల ప్రకారం హెరాయిన్‌లాంటి వాటికి 5 గ్రాములకు తగ్గకుండా రెండేసి నమూనాలు తీయాలి, గంజాయికైతే 24 గ్రాములు. 2023లో సిమరన్‌జీత్ సింగ్ కేసు అక్కడికక్కడే శాంపిళ్లు తీసినందుకే పోయింది. 52ఏ లోపం ఒక్కటే ఉంటే కేసు కొట్టేయనక్కర్లేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కాస్త సడలించినా, అప్పుడు మిగతా సాక్ష్యం గట్టిగా ఉండి తీరాలి.

మూడోది తూకం. పాలిథీన్ కవరుతో కలిపి 256 గ్రాములు రాసుకున్నారనుకోండి. మేజిస్ట్రేటు ముందు కవరు తీసి తూస్తే 247. పదేళ్ల కనీస శిక్ష పోయింది, 37వ సెక్షన్ పోయింది, నిందితుడు బెయిలు మీద బయటికొచ్చాడు. కవరు బరువు, సరుకు బరువు వేర్వేరుగా పంచనామాలో రాయడానికి పట్టేది రెండు నిమిషాలు. పట్టుకున్నవి దాచే మాల్‌ఖానా రిజిస్టరులో సరుకు ఎప్పుడు లోపలికొచ్చింది, శాంపిల్ ఎప్పుడు ల్యాబుకు వెళ్లింది, సీలు ముద్ర నమూనా దానితో వెళ్లిందా లేదా అన్నవీ ఇలాంటివే. ఒక్క తేదీ తేడా వస్తే చాలు, డిఫెన్సు లాయరు మధ్యలో సరుకు మార్చారంటాడు. సోదాకు సాక్షులుగా, అంటే మధ్యవర్తులుగా, తెచ్చినవాళ్లు ఎదురు తిరిగినా సోదా వీడియో ఉంటే కేసు బతుకుతుంది.

పట్టుబడతామన్న నమ్మకం శిక్ష పొడవుకన్నా ఎక్కువ భయపెడుతుందని అమెరికా న్యాయశాఖ పరిశోధన విభాగం కూడా 2016లో స్పష్టంగానే చెప్పింది.

కూలికి మోసేవాణ్ని దాటి పైకి వెళ్లాలంటే డబ్బు వెంట వెళ్లాలి. 2021 సెప్టెంబరులో ముంద్రా ఓడరేవులో సుమారు 3,000 కిలోల హెరాయిన్ దొరికింది. టాల్క్ రాయి పేరుతో దాన్ని దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా విజయవాడలో ఉంది. కాగితాల మీద పేరు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది. ఎన్‌డీపీఎస్ చట్టంలోని 5ఏ అధ్యాయం ఆస్తుల జప్తుకు దారి ఇస్తోంది. 68ఎఫ్ కింద స్తంభింపజేసిన ఆస్తికి 30 రోజుల్లో అధీకృత అధికారి ఆమోదం రాకపోతే ఆ ఉత్తర్వు చెల్లదు. ఇల్లు, కారు, ఖాతా పోతాయన్న భయం పెట్టుబడిదారుడికి ఉంటుంది. కూలివాడికి పడే ఉరి ఆ పెట్టుబడిదారుణ్ని తాకను కూడా తాకదు.

మందుల కంపెనీల లైసెన్సులపై కాపలా కూడా అవసరమే. టాపెంటడాల్ (నొప్పి మందు), కారిసోప్రొడాల్ (కండరాలు సడలించే మందు) కలిపిన మాత్రలు పశ్చిమాఫ్రికాకు వెళ్తున్నాయని బయటపడ్డాక 2025 ఫిబ్రవరిలో కేంద్రం వాటి తయారీ, ఎగుమతి అనుమతులు ఉపసంహరించింది. ఒక ఉత్తర్వుతో అయ్యే పని కాబట్టి దీని గురించి ఎక్కువ వాదన అక్కర్లేదు.

చికిత్స వేరే చర్చ, కానీ ఒక్క సెక్షన్ కుటుంబాలకు తెలియాలి. మత్తుకు బానిసైనవాడు చిన్న పరిమాణంతోనో, వాడినందుకో కేసులో ఇరుక్కుంటే, తనంతట తాను గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు ముందుకొస్తే 64ఏ కింద ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు అడగవచ్చు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ మినహాయింపు వెనక్కి పోవచ్చు. అందుకే చేరిన కాగితాలు, హాజరు వివరాలు, డిశ్చార్జి సారాంశం మొదటి రోజు నుంచీ దాచిపెట్టుకోవాలి.