న్యూటన్ ఆల్కెమీయా, నాగార్జునుడి రసవాదమా: ముందు ఏది చదవాలి?

"పరుసవేది సంగతులు చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టమంటారు?" ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. పరుసవేది అంటే మామూలు లోహాన్ని బంగారం చేసే విద్య: యూరప్‌వాళ్లకు ఆల్కెమీ, మనకు రసవాదం. అడిగేవాళ్ల చేతిలో అప్పటికే న్యూటన్ మీద ఏదో ఒక పుస్తకం ఉంటుంది. అందరికీ ఒకేసారి చెప్పేస్తున్నాను.

కథలు కావాలంటే యూరప్‌ను మించింది లేదు. హాంబర్గ్‌లో హెన్నిగ్ బ్రాండ్ 1669లో బంగారం కోసం మూత్రం మరిగించి మరిగించి, చీకట్లో వెలిగే భాస్వరం దగ్గర తేలాడు. బంగారం చేస్తానన్న బాట్గర్‌ను సాక్సనీ పాలకుడు నిర్బంధించి పని చేయిస్తే పింగాణీ గుట్టు బయటపడింది, 1710లో మైసెన్ కార్ఖానా వెలిసింది. ఇక న్యూటన్ ఆల్కెమీ మీద రాసుకున్న కాగితాలు ఆయన పోయిన రెండొందల ఏళ్లకు, 1936లో వేలానికొచ్చాయి. వాటిలో చాలావాటిని ఆర్థికవేత్త కీన్స్ సేకరించాడు.

చిక్కల్లా ఆ రాతల్లోని భాషతోనే. ఆకుపచ్చ సింహం సూర్యుణ్ణి మింగుతుంది అంటారు. ఆ సింహం ఏ పదార్థమో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. చదివేవాడికి బుర్ర తిరుగుతుంది.

నా మటుకు తేల్చేది ఒకే ప్రశ్న: పని అయిందో లేదో వాళ్లకు ఎలా తెలిసేది? ఇక్కడే మనవాళ్లు నాకు నచ్చుతారు. ఒకసారి ఆయుర్వేద మందులు చేసేచోట కజ్జలి నూరడం చూశాను. కల్వంలో పాదరసం, శుద్ధి చేసిన గంధకం. మొదట వెండి పూసలు రోకలి కింద నుంచి తప్పించుకుని పరుగులు పెడుతుంటాయి. నూరగా నూరగా పూసలు మాయమై కాటుకలాంటి పొడి అవుతుంది. "అయిపోయిందా?" అంటే ఆ పెద్దాయన మాట్లాడలేదు. చిటికెడు పొడి బొటనవేలికి రాసి, నీటిచుక్కతో తడిపి, ఎండలో పెట్టి చూశాడు. ఎక్కడో చిన్న మెరుపు. మళ్లీ రోకలి అందుకున్నాడు. లోహాన్ని కాల్చి చేసే భస్మానికీ ఇలాంటి పరీక్షలే: వేలి గీతల్లో ఇమిడిపోవాలి, నీళ్ల మీద తేలాలి.

పెద్ద కల విషయంలోనూ అదే పద్ధతి. "యథా లోహే తథా దేహే" అంటుంది రసార్ణవం అనే రసవాద గ్రంథం, లోహంలో ఎలాగో ఒంట్లోనూ అలాగే అని. పాదరసాన్ని ముందు లోహం మీద పరీక్షించి, ఆ తర్వాతే ఒంటికి వాడమంటుంది. చేరాల్సింది చావులేని శరీరం, అందులోనే ముక్తి. బంగారం చేయడం ఆ దారిలో పెట్టే పరీక్ష మాత్రమే. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో దీన్ని రసేశ్వర దర్శనమని ఒక తాత్విక సిద్ధాంతంగానే చేర్చాడు.

ఆ పరీక్ష ఎవరూ పాసవలేదన్నది వేరే సంగతి. నోట్లో పాదరసం గుటిక (మాత్ర) పెట్టుకుని ఆకాశంలో తిరగడాలూ ఈ గ్రంథాల్లో ఉన్నాయి. మకరధ్వజం అనే ఆయుర్వేద మందు చేసేటప్పుడు పాదరసం, గంధకంతో పాటు బంగారు రేకు వేస్తారు కదా, అది సీసా అడుగునే ఉండిపోతుంది. మెడ దగ్గర పేరుకునే ఎర్రటిది పాదరసం, గంధకం కలిసిన పదార్థమే. పాదరసం ఆవిరి విషం, ఇంట్లో ప్రయోగాలు వద్దు బాబూ.

చైనా సంగతి అడిగేవాళ్లూ ఉన్నారు. అమృతమని మింగిన గుళికలతో టాంగ్ చక్రవర్తులు కొందరు పోయారు. ఆసక్తి ఉంటే ఆఖర్న చూడండి.

కెమిస్ట్రీ చదివేవాళ్లయితే బ్రాండ్‌తో మొదలుపెట్టినా నష్టం లేదు. మిగతావాళ్లు పాదరసాన్ని శుద్ధి చేసి వాడకానికి సిద్ధం చేసే 18 సంస్కారాలతో మొదలుపెట్టండి. తర్వాత నాగార్జునుడు. శాతవాహన రాజు ఖజానా ఖాళీ అయితే ఆయన రాళ్లను బంగారం చేసిచ్చాడని 7వ శతాబ్దంలో వచ్చిన హ్యూయన్ త్సాంగ్ రాసుకున్నాడు. బౌద్ధ మాధ్యమిక తత్వవేత్త నాగార్జునుడూ, రసవాది నాగార్జునుడూ ఒకరేనని మాత్రం అనుకోకండి. నిత్యనాథుడి రసరత్నాకరంలో శ్రీశైలం చుట్టుపక్కల సిద్ధి దొరికే చోట్ల వర్ణన ఉంది. ఆ పేజీలు దోర్నాల ఘాట్ ఎక్కే బస్సులో చదువుకోండి, కిటికీ పక్క సీటు దొరికితే.