బ్రెయిడ్ ఆడితే బుర్ర వేడెక్కాల్సిందే

గెంతుకుంటూ పోయే వీడియో గేముల్లో మామూలుగా కష్టమంతా వేళ్ళకే. ఒక్క గెంతు తప్పితే మళ్ళీ మొదటికి. జొనాథన్ బ్లో 2008లో తెచ్చిన బ్రెయిడ్‌లో ఆ బాధ లేదు. పడిపోయారా, ఒక బటన్ నొక్కి పట్టుకోండి, కాలం వెనక్కి నడుస్తుంది, ఎన్నిసార్లైనా సరే. వెనకాల వచ్చే సంగీతం కూడా తిరగబడి మోగుతుంది. చచ్చిపోతామన్న భయమే లేకపోతే ఇంక ఆడటానికి ఏముందనిపిస్తుంది కదా? అసలు చిక్కంతా అక్కడి నుంచే.

ఆట రెండో లోకంతో మొదలై ఆరో లోకం దాకా సాగుతుంది, ఒకటోది ఆఖర్న తెరుచుకుంటుంది. ఈ ఐదింట్లో ఒక్కోదానిలో 12 జిగ్సా బొమ్మ ముక్కలు, మొత్తం 60 ఏరుకోవాలి. లోకం మారితే కాలం తీరూ మారుతుంది. మూడోదాంట్లో ఆకుపచ్చగా మెరిసేవి మీరు కాలాన్ని ఎంత తిప్పినా వెనక్కి రావు. ఐదోదాంట్లో కాలాన్ని వెనక్కి తిప్పి వదిలితే, ఇందాక మీరు చేసిన పనినే ఒక నీడ మళ్ళీ చేసిపెడుతుంది, ఆలోపు మీరు ఇంకో పని చక్కబెట్టుకోవచ్చు.

నాకు ప్రాణం మాత్రం నాలుగోది. అక్కడ కుడికి నడిస్తే కాలం ముందుకు, ఎడమకు నడిస్తే వెనక్కి, నిలబడితే అదీ నిలబడుతుంది. తాళంచెవి తీసుకున్నారు, తలుపేమో ఎడమవైపుంది. అటు నాలుగడుగులు వేయగానే చెయ్యి ఖాళీ! కాలం వెనక్కి వెళ్ళింది కాబట్టి మీరింకా ఆ తాళంచెవి తీసుకోనే లేదన్నమాట. మరి దాన్ని తలుపు దాకా చేర్చేదెలా? చెప్పను. ఆ జవాబు తట్టినప్పుడు కలిగే ఆనందం కోసమే ఈ ఆట ఆడాలి. యూట్యూబ్‌లో చూసేస్తే డబ్బులు దండగ. అందని ముక్కని చాలావరకు వదిలేసి ముందుకు పోవచ్చు, తర్వాత తీరిగ్గా రావచ్చు.

లోపాలు లేవని కాదు. కొన్నిచోట్ల దారి తెలిసిపోయినా పని చేతికి లొంగదు. శత్రువు నెత్తిన గెంతి ఆ ఊపుతో పైకి లేవాల్సిన చోట్ల క్షణం అటూ ఇటూ అయినా గోవిందా. దాచిపెట్టిన నక్షత్రాల్లో ఒకదాని కోసమైతే నత్తనడక నడిచే మేఘం మీద దాదాపు రెండు గంటలు కాచుకోవాలి. అందులో ఆలోచించడానికేమీ లేదు, నేనైతే ఒప్పుకోను. ఆటలో కనిపించే పుస్తకాల్లో చదివించే కథ కూడా బరువుగానే ఉంటుంది, అయితే చదవకుండా దాటేసినా చిక్కుముళ్ళు విప్పడానికి అడ్డేమీ లేదు.

కొత్తగా కొనేవాళ్ళు 2024లో వచ్చిన యానివర్సరీ ఎడిషన్ తీసుకోండి. ఆటకు డేవిడ్ హెల్‌మన్ గీసిన బొమ్మలు ఇంకా నిండుగా కనిపిస్తాయి, తయారుచేసినవాళ్ళ వ్యాఖ్యానమూ గంటల కొద్దీ ఉంది. 60 ముక్కలూ చేతికొచ్చేదాకా మాత్రం ఆ వ్యాఖ్యానం జోలికి పోకండి.