సీటు కింద పెట్టె: పైమూతా, పక్క తలుపా, సొరుగా?

"బావా, జర లేస్తారా?"

మా ట్రైలర్ మొదటి ప్రయాణంలో ఈ మాట ఎన్నిసార్లు వినపడిందో లెక్కలేదు. వికారాబాద్ దగ్గర అనంతగిరికి వెళ్లాం. ఉప్పు కావాలంటే బావ లేవాలి, టార్చి కావాలంటే అక్క లేవాలి. కారు వెనక తగిలించుకుని వెళ్లే పన్నెండు అడుగుల బండి అది. లోపల రెండు సీట్లు ఎదురెదురుగా, మధ్యలో బల్ల. రాత్రి బల్ల దించి పరుపులు సర్దితే అదే మంచం. సామానుకు ఉన్న పెద్ద చోటల్లా ఆ సీట్ల కిందే. చోటు చాలక కాదు మేం ఇబ్బంది పడింది, ఉన్న చోటులోకి చెయ్యి పోక.

ఒక్కో సీటు పొడవు నాలుగు అడుగులు, లోతు 20 అంగుళాలు, చెక్క దాకా ఎత్తు 16 అంగుళాలు. 12 మి.మీ. ప్లైవుడ్ మందం తీసేసినా లోపల దాదాపు 220 లీటర్లు మిగులుతుంది. ఇంట్లో మామూలు సింగిల్ డోర్ ఫ్రిజ్ అంత అన్నమాట. దాన్ని ఎటు నుంచి తెరవాలన్నదే ప్రశ్న.

మనకు అలవాటైంది పైమూత. ఇంట్లో దివాన్ కాట్ ఎలాగో ఇదీ అంతే: పరుపు తియ్యి, చెక్క ఎత్తు, సామాను పడెయ్యి. చోటు ఒక్క అంగుళం కూడా వృథా కాదు. చక్రం మీది ఉబ్బు పెట్టెలోకి పొడుచుకొచ్చినా దాని చుట్టూ దుప్పట్లు కూరేయొచ్చు. మడత కుర్చీలు, గొడుగు లాంటి పొడుగు సామాను పట్టేది ఇందులోనే. ముందు పలకను కోయక్కర్లేదు కాబట్టి సీటు గట్టిగా ఉంటుంది, ఖర్చూ తక్కువ.

కానీ దివాన్ కాట్ మీద రోజంతా నలుగురు కూర్చుని ఉండరు. ఇక్కడ ఉంటారు. పైగా రాత్రి పక్క వేశాక ఆ పెట్టె ఉన్నట్టే కాదు. నాగార్జునసాగర్ వెళ్లినప్పుడు అర్ధరాత్రి పాపకు జ్వరం వచ్చింది. మందుల సంచి సీటు కింద, సీటు మీద పరుపు, పరుపు మీద అక్కా బావా. ఇద్దరినీ లేపి, పరుపు నిలబెట్టి, ఫోన్ లైటు వెలుగులో పారాసెటమాల్ వెతికేసరికి పాప ఏడుపు ఆపి మమ్మల్నే చూస్తోంది. పైమూత మీద నాకు మనసు విరిగింది ఆ రాత్రే.

పైమూతే ఉంచుకుంటాం అనేవాళ్లు కనీసం దాన్ని మధ్యకు రెండు ముక్కలు చేయించండి, కింద అడ్డపట్టీ మాత్రం మరవొద్దు. అప్పుడు ఒక్కరు లేస్తే చాలు. హ్యాండిల్ బదులు వేలు దూరేంత బెజ్జం సరిపోతుంది, కూర్చుంటే గుచ్చుకోదు. మూతను పైకి నెట్టి పట్టుకునే గ్యాస్ స్ట్రట్లు (కారు డిక్కీకి ఉండేవి) పెట్టించాలనుకుంటే మూత బరువు చూసుకుని కొనండి. బరువుకు మించినవి పెడితే మూత పూర్తిగా దిగదు.

ఇక సొరుగులు. కార్పెంటర్ మొదట చెప్పేది ఇవే, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కూడా. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో టెలిస్కోపిక్ ఛానల్స్, అంటే సొరుగు జారే ఇనుప పట్టాలు, ఏ సైజువైనా దొరుకుతాయి. అయితే లెక్క చూడండి. ఒక్కో సొరుగుకు రెండు పక్కలా అరంగుళం చొప్పున ఛానల్‌కే పోతుంది. సొరుగు పెట్టె మందం, చుట్టూ ఫ్రేమ్, పైనా కిందా ఖాళీ వేరే. మా సీటు కింద రెండు సొరుగులు పెడితే 220 లీటర్లు కాస్తా 140 అవుతుందని తేలింది. మూడో వంతుకు పైగా గాలికి వదిలినట్టే. సొరుగు లాగితే 18 అంగుళాలు ముందుకొస్తుంది, మా నడిచే దారి వెడల్పు 24. మనిషి నిలబడేదెక్కడ? చక్రం ఉబ్బు ఉన్న వైపైతే లోతు సొరుగు అసలు కుదరదు.

అయినా ఆశ చావక వంట గట్టు వైపు చిన్నది ఒకటి చేయించాం. శ్రీశైలం ఘాట్‌లో ఏదో మలుపులో అది తనంతట తానే తెరుచుకుంది. అందులో ఆవకాయ జాడీ. తర్వాత గడియ పెట్టించాం కానీ, ఆ ప్లైవుడ్ నూనె బాగా తాగేసింది. ఇప్పటికీ ఎండకు బండి వేడెక్కితే లోపల మామిడికాయల సీజనే.

చివరికి నేను ఓటేసింది పక్క తలుపుకి. సీటు ముందు పలకలో, కాళ్లు వేలాడే చోట, చిన్న తలుపు. కూర్చున్నవాళ్లు లేవక్కర్లేదు, కాళ్లు ఒకపక్కకు జరిపితే చాలు. రాత్రి పక్క వేసినా దారి వైపు తలుపు తెరుచుకుంటుంది. మందులు, టార్చి, ఛార్జర్లు, టీ సామాను అన్నీ ఇందులోనే. సీటు అంచు బరువు మోసేది ఆ ముందు పలకే కాబట్టి చుట్టూ మూడు అంగుళాల పట్టీ వదిలి, మధ్యలో ఒక నిలువు చెక్క నిలిపాం. అయస్కాంతం క్యాచర్లు స్పీడ్ బ్రేకర్లకే ఊడొస్తాయి, నొక్కితే పడే గడియలు వేయించుకోండి.

దీనికీ లోటుంది. మోకాళ్ల మీద వంగాలి, వెనక మూల చీకటి. అక్కడికి చేరిన వస్తువు అటకెక్కిన ఇత్తడి బిందెతో సమానం. ప్లాస్టిక్ బుట్టల్లో పెట్టి, బుట్టనే బయటికి లాగడమే దారి. మేం తలుపు ముందు కోయించి, తర్వాత బేగంబజార్‌కు బుట్టలు వెతుక్కుంటూ వెళ్లాం. దొరికిన ప్రతి బుట్టా అరంగుళం పెద్దదే. మీరు బుట్టలు ముందు కొనండి.

బయటి గోడకు తలుపు పెట్టించడం నాకు నచ్చలేదు. బురద చెప్పులకూ జాకీకీ బాగుంటుంది, నిజమే. కానీ బాగున్న గోడను కోసి వానను లోపలికి పిలవడమెందుకు? బండితో పాటే వస్తే సరే.

ఏ పద్ధతైనా, ఏం పెడుతున్నామన్నది కూడా చూసుకోవాలి. 20 లీటర్ల నీళ్ల క్యానంటే 20 కిలోలు. అలాంటి బరువులు ఇరుసుకు దగ్గరగా ఉండే పెట్టెలో, నేల మీదే ఉండాలి. తోక వైపు బరువెక్కితే ఔటర్ రింగ్ రోడ్డు వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. గ్యాస్ సిలిండర్ మాత్రం సీటు కింద వద్దే వద్దు. లీకైన వంటగ్యాస్ గాలి కంటే బరువు, కిందే పేరుకుంటుంది.

ఇప్పుడు మా బండిలో కుడి సీటుకు రెండు పక్క తలుపులు, గట్టు దగ్గర ఆ ఒక్క సొరుగు. చక్రం ఉబ్బు ఉన్న ఎడమ సీటుకు పైమూతే ఉంచేశాం. దాని కింద మడత కుర్చీలు, చలికాలం దుప్పట్లు, రోజుకు ఒక్కసారి తీసే సామాను. బావ కూర్చునేది దాని మీదే.