ఆయిల్ డ్రెయిన్ వాల్వ్: ఏళ్ల వాడకంలో తేలిన మంచీ చెడూ

కారు ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నెను సంపు అంటారు. ఆయిల్ దించడానికి దానికుండే బోల్ట్ తీసేసి, ఆ చోట తెరిచి మూసే వాల్వ్ పెట్టుకుంటే ఆయిల్ మార్చడం చిటికెలో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయిల్ దిగడం నెమ్మదిస్తుంది. వాల్వ్ లోపలి దారి బోల్ట్ రంధ్రం కన్నా బాగా సన్నం. బోల్ట్ తీస్తే వేడి ఆయిల్ నాలుగు లీటర్లు రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది. అదే ఎం12 (12 మిల్లీమీటర్ల మర) వాల్వ్‌తో పది నిమిషాలు పట్టవచ్చు. అసలు లాభం మరల్లో, అంటే బోల్ట్ బిగుసుకునే చుట్లలో ఉంది. అల్యూమినియం సంపులో స్టీలు బోల్ట్‌ను మాటిమాటికీ విప్పి బిగిస్తుంటే దెబ్బతినేది సంపు మరలే. వాల్వ్ అయితే ఒకసారి బిగించి వదిలేయవచ్చు. నేను దీన్ని కొనమనేది ముఖ్యంగా అందుకే.

రకాలు ప్రధానంగా రెండు. జపాన్ కంపెనీ ఫుమోటో చేసే లాంటివి బాల్ వాల్వులు, అంటే లోపల రంధ్రమున్న గుండు తిరిగి దారి తెరిచేవి: లివర్‌ను గాడిలోంచి స్ప్రింగుకు ఎదురు జరిపి 90 డిగ్రీలు తిప్పితే తెరుచుకుంటాయి. జర్మనీ కంపెనీ స్టాల్‌బస్ వాల్వ్‌లో లివర్ ఉండదు. మూత విప్పి గొట్టం కప్లింగ్ (గొట్టాన్ని వాల్వ్‌కు కలిపే ముక్క) బిగిస్తే లోపలి స్ప్రింగు వాల్వ్ తెరుచుకుంటుంది. ఇది కిందికి పెద్దగా వేలాడదు, పైగా మూతకు వేరే సీలు ఉంటుంది. కానీ కప్లింగ్ పోయిందంటే మొత్తం వాల్వే విప్పాలి, కాబట్టి దాన్ని కారులోనే ఉంచండి.

ఏది కొనాలో కారు కింద చూసి తేల్చుకోవాలి. సంపు పక్కనున్న క్రాస్ మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) సంపు అడుగు కన్నా కిందికి ఉంటే లివర్ రకం ఫర్వాలేదు. సంపే అన్నిటికన్నా కిందున్న కారులో, ముఖ్యంగా గొట్టం తగిలించే ముక్కు ఉన్న బాల్ వాల్వ్ వద్దు. అది బోల్ట్ తల కన్నా రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, రాయి తగిలితే సంపు పగలవచ్చు. రంధ్రం పక్కకు తిరిగి ఉంటే మాత్రం ముక్కు, గొట్టం తప్పనిసరి. లేకపోతే ఆయిల్ అడ్డంగా చిమ్ముతుంది.

మరల సైజు ఊహించకండి. మొదటి అంకె మర వ్యాసం, రెండోది పిచ్, అంటే ఒక మర నుంచి మరో మరకు దూరం, రెండూ మిల్లీమీటర్లలో. టొయోటాలో చాలా మోడళ్లకు ఎం12 × 1.25, హోండాలో ఎం14 × 1.5, పాత సుబారులో ఎం20 × 1.5. అయినా పాత బోల్ట్‌ను కాలిపర్‌తో కొలవండి. పది మరల దూరం 12.5 మిల్లీమీటర్లు వస్తే పిచ్ 1.25, 15 వస్తే 1.5.

బిగించేటప్పుడు సంపు ముఖాన్ని, అంటే వాల్వ్ ఆనే చోటును తుడిచి, పాత వాషర్ అంటుకుని ఉందేమో చూడండి. వాల్వ్ చేత్తోనే చివరిదాకా తిరగాలి. టార్క్ (బిగించే బలం) మాత్రం వాల్వ్ కంపెనీ చెప్పినంతే. స్టీలు బోల్ట్ లెక్క ఇత్తడి వాల్వుకు పెడితే మెడ దగ్గర విరగవచ్చు. టెఫ్లాన్ టేపు చుట్టకండి. సీలయ్యేది ముఖం దగ్గర, మరల్లో కాదు. తెగిన టేపు ముక్క ఆయిల్ పంపు జాలీకి చేరితే ఇంజిన్‌కే ముప్పు. బిగించాక లివర్ కారు వెనక వైపుకు తిరిగి ఆగితే మంచిది. ముందుకు తిరిగిందని ఇంకాస్త బిగించడం పొరపాటు, వాషర్ మందం మార్చి చూడండి. తర్వాత ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి, కాగితంతో తుడిచి చెమ్మ చూడండి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఓసారి.

వాల్వ్ మరలు లోపలికి కొద్దిగా పొడుచుకు రావడంతో అడుగున పాత ఆయిల్ మిగులుతుందన్న మాట నిజమే. 20 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న సంపు అడుగుభాగంలో ఆయిల్ 2 మిల్లీమీటర్ల ఎత్తున నిలిస్తే 80 మిల్లీలీటర్లు, అంటే నాలుగు లీటర్లలో 2 శాతం. దీనికి బెంగ అక్కర్లేదు. సంపులో గసి పేరుకున్న ఇంజిన్ అయితే వేరు, దానికి మామూలు బోల్టే మేలు.

లివర్ గాడిలో బురద గట్టిపడితే లివర్ పూర్తిగా కూర్చోదు. ప్రతి ఆయిల్ మార్పులో బ్రష్‌తో శుభ్రం చేసి, లాక్ క్లిప్ పెట్టండి. మూశాక కూడా చుక్కలు పడుతుంటే బాల్ సీటులో (గుండు ఆనే చోట) నలుసు ఇరుక్కుని ఉండవచ్చు. కొద్దిగా కొత్త ఆయిల్ పోసి రెండుసార్లు తెరిచి మూయండి. అప్పటికీ ఆగకపోతే సీటు గీసుకుపోయిందని లెక్క, వాల్వే మార్చాలి. కారును గ్యారేజీకి ఇస్తే బానెట్ లోపల ‘డ్రెయిన్ వాల్వ్ ఉంది, పానా పెట్టవద్దు’ అని చీటీ అంటించండి.