మయో ఇనోసిటాల్ సాచెట్లు: ఐదు నెలలు వాడాక

నాకు 31 ఏళ్లు, పీసీఓడీ (హార్మోన్ల తేడా వల్ల పీరియడ్స్ సరిగ్గా రాని సమస్య) ఉంది. పెళ్లయి మూడేళ్లు. పీరియడ్స్ యాభై, అరవై రోజులకోసారి వచ్చేవి. మా డాక్టరమ్మ రోజుకి 4 గ్రాముల మయో ఇనోసిటాల్, 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ రాశారు. హనుమకొండలో మా వీధి మెడికల్ షాపులోనే ఈ సాచెట్లు దొరికాయి.

కొనేముందు లెక్క చూసుకోండి. బాక్సులో 30 ఉన్నాయి కదా, నెలకి సరిపోతాయనుకుని మొదటి నెలంతా రోజుకొకటే తాగాను. బాక్సు వెనక సన్నటి అక్షరాలు తర్వాత చదివితే తెలిసింది, ఒక్కోదాంట్లో ఉన్నది 2 గ్రాములే. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తాగాలి. బాక్సు పదిహేను రోజులకే అయిపోతుంది. బాక్సు 650, నెలకి 1,300 రూపాయలు. ఒక్కో సాచెట్‌లో డీ కైరో ఇనోసిటాల్ (ఇనోసిటాల్‌లోనే ఇంకో రకం) 50 మిల్లీగ్రాములు కలిపారు, అంటే మయో, డీ కైరో 40:1 పాళ్లు. డాక్టరమ్మ చూడమన్నదీ అదే.

చన్నీళ్లలో వేస్తే అడుగున ఇసకలా మిగిలిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో చెంచాతో తిప్పితే కరుగుతుంది, కాస్త తియ్యగా ఉంటుంది. మొదట్లో కడుపు ఉబ్బరించేది, అన్నం తిన్నాక తాగితే తగ్గింది.

రెండు పూటలా తాగడం మొదలుపెట్టాక ఒక పీరియడ్‌కీ ఇంకోదానికీ మధ్య ఎన్ని రోజులో డైరీలో రాసుకున్నాను: 46, 39, 35. నాకు చాలా ధైర్యమొచ్చింది. కానీ అదే సమయంలో రాత్రి అన్నం మానేసి, సాయంత్రం నడక పెట్టుకున్నాను. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. ఇది గర్భం వచ్చే మందు కాదని, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడానికి తోడ్పడేదని, ఆధారాలు కూడా ఇంకా తక్కువేనని డాక్టరమ్మ ముందే చెప్పారు.

మధ్యలో అత్తయ్య ప్రేమగా పిల్లిపీచర (శతావరి) చూర్ణం తెచ్చారు. డబ్బా మీద ‘సంతానం గ్యారంటీ’ అని ఉంది, లోపల ఏది ఎంత ఉందో మాత్రం ఎక్కడా లేదు. శతావరి చెడ్డదని నేననను. లోపల ఏముందో చెప్పని డబ్బాని మాత్రం నమ్మలేను. అత్తయ్యకి ఆ డబ్బా చేతికిచ్చి చూపిస్తే, ‘‘వద్దులేమ్మా, డాక్టర్ చెప్పిందే తాగు’’ అన్నారు.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే థైరాయిడ్ టెస్టుకి ముందే చెప్పండి, రిపోర్టు తప్పుగా రావచ్చు. నాకీ సంగతి ల్యాబులో అడిగేదాకా తెలియదు.

ఇంకా కడుపు పండలేదు. సాచెట్లు కొనసాగిస్తున్నాను. ఇన్నాళ్లూ పొడులూ మాత్రలూ నాకే, మా ఆయనకి సెమెన్ టెస్ట్ పోయిన వారమే చేయించాం. అది మొదటి నెలలోనే చేయించాల్సింది. రిపోర్టు సోమవారం వస్తుంది.