ఆరడుగుల ఉప్పునీటి అక్వేరియానికి ఏ వడపోత: ఎనిమిదేళ్ల వాడకం తరువాత నా సమీక్ష

విశాఖపట్నంలోని మా ఇంటి ముందుగదిలో 2017 జనవరిలో నీళ్లు నింపిన ఉప్పునీటి అక్వేరియం ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. తొట్టి పొడవు ఆరు అడుగులు, వెడల్పు రెండు, ఎత్తు రెండు. అంచుదాకా నింపితే 680 లీటర్లు పడుతుంది. రాళ్లూ ఇసుకా పోను నిలిచే నీరు దాదాపు 580 లీటర్లు. దీనికి మొదట కానిస్టర్ ఫిల్టర్లు, అంటే నీటిని స్పాంజిలోంచి దాటించే మూతబిగించిన డబ్బాలు, వాడాను. తరువాత కింద సంప్ అనే రెండో గాజుతొట్టి కట్టించి, మురికిని నురుగుగా తీసే ప్రోటీన్ స్కిమ్మర్ పెట్టాను. ఆ సంప్‌లోనే వడపోత గుడ్డ తనంతట తానే చుట్టుకునే చుట్ట ఫిల్టర్‌నూ, నాచు పెంచే అరనూ కొంతకాలం నడిపి చూశాను. పెద్ద తొట్టి పెట్టాలనుకునే వారు నన్ను మొదట అడిగేది ఏ ఫిల్టర్ కొనాలనే కనుక, ఒక్కొక్కటీ మా ఇంట్లో ఎలా పనిచేసిందో వివరంగా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: పెట్టె మీద అచ్చువేసిన లీటర్ల అంకె కన్నా, కరెంటు పోయినప్పుడు ఆ పరికరం ఏమవుతుంది, వారం వారం దాన్ని కడగడం మన చేతనవుతుందా అనే రెండు విషయాలే ఎంపికలో ముఖ్యం.

తొట్టిలో ఏమి పెంచుతామో తేలితేనే వడపోత తేలుతుంది. నావి చేపలూ రాళ్లూ మాత్రమే: హేచరీలో పుట్టిన క్లౌన్ చేపల జత, ఒక నీలి టాంగ్, ఒక ఫాక్స్‌ఫేస్, రెండు రాస్ చేపలు, నాలుగు డామ్సెల్స్. పగడాలు పెట్టలేదు. గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన తీరం నుంచి పగడపు ముక్క తెచ్చి అమ్మడం నేరం, అలాంటిది కొనడం ఆ నేరాన్ని పోషించడం. అందుకే లైవ్ రాక్ (సముద్రంలోంచి జీవులతో సహా తీసిన రాయి) జోలికి పోకుండా, రంధ్రాలు ఎక్కువగా ఉన్న ఎండు రాతిని 70 కిలోలు పేర్చి, సీసాలో వచ్చే బ్యాక్టీరియాను పోసి మొదలుపెట్టాను. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు రావడానికి ఏడు వారాలు పట్టింది. ఎవరు ఏ యంత్రం కొన్నా, విషాన్ని విరిచే పని చేసేది ఈ రాతిలో నివసించే బ్యాక్టీరియాయే. ప్రాణవాయువు అందే పైపొరల్లో అమ్మోనియా నైట్రైట్‌గా, నైట్రైట్ నైట్రేట్‌గా మారుతాయి. అది అందని లోపలి పొరల్లో కొంత నైట్రేట్ నత్రజని వాయువుగా మారి గాలిలో కలిసిపోతుంది. రాతి మీద డబ్బు తగ్గించి యంత్రం మీద పెట్టడం మంచి బేరం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

మొదటి పద్దెనిమిది నెలలు రెండు పెద్ద కానిస్టర్లతో గడిపాను. మంచినీటి చేపలను పెంచినప్పుడు అవి నాకు ఎంతో నమ్మకంగా పనిచేశాయి కనుక, ఉప్పునీటికీ సరిపోతాయనుకున్నాను. నీరు అద్దంలా కనిపించేది. అయితే కానిస్టర్ మురికిని పట్టుకుంటుందే గాని నీటిలోంచి బయటికి తీయదు. స్పాంజిలో చిక్కిన తిండీ రెట్టా అక్కడే కుళ్లి, అదే నీటిలో నైట్రేట్‌గా తేలుతాయి. రెండు వారాలకోసారి కడిగినా నైట్రేట్ లీటరుకు 80 మిల్లీగ్రాముల దగ్గరే ఆగేది. నీళ్లతో నిండిన ఆ డబ్బాను స్నానాల గదికి మోసుకెళ్లడం, దారిలో ఒలికిన ఉప్పునీరు తలుపు బందులను తినేయడం వేరే బాధ. 2018 మే నెలలో ఒక రాత్రి ఐదు గంటలు కరెంటు పోయింది. మూతబిగించిన డబ్బాలోని బ్యాక్టీరియా అక్కడి ప్రాణవాయువును త్వరగానే వాడేసుకుంటుంది. ఆ తరువాత లోపలి మురికి కుళ్లడం మొదలవుతుంది. కరెంటు రాగానే ఆ కుళ్లిన నీరంతా ఒక్కసారిగా తొట్టిలోకి వచ్చింది. గదిలో కోడిగుడ్డు మురిగిన వాసన. తెల్లవారేసరికి అప్పటి టాంగ్, ఒక రాస్ చేప చనిపోయి ఉన్నాయి. వాటిని నేను మరచిపోలేదు. వంద లీటర్ల లోపు తొట్టికి, దగ్గరుండి చూసుకునేవారికి కానిస్టర్ పనికివస్తుంది. ఇంత పెద్ద ఉప్పునీటి తొట్టికి దాన్ని ప్రధాన వడపోతగా నేను ఎవరికీ సూచించను.

ఆ సెప్టెంబరులో సంప్ కట్టించాను. మన ఇళ్లలో నేలకింద నీళ్లు నిలవచేసే సంపును కాదు, అక్వేరియం స్టాండు లోపల పెట్టే రెండో గాజుతొట్టిని ఈ రంగంలో సంప్ అంటారు. నాది నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. పైతొట్టి మూలనున్న ఓవర్‌ఫ్లో పెట్టెలోకి పైపొర నీరు జారి, గొట్టంలో కిందికి దిగి, సంప్‌లోని అరలన్నీ దాటి, రిటర్న్ పంపు ద్వారా పైకి వెళుతుంది. నీటిపైన తేలే జిడ్డుపొర పోవడం వల్ల గాలి నీటిలో బాగా కలుస్తుంది. మంచినీటితో పోలిస్తే ఉప్పునీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది, వేడెక్కిన కొద్దీ ఇంకా తగ్గుతుంది కనుక, మే నెల విశాఖలో ఇది చిన్న లాభం కాదు.

సంప్ కొలతలు నిర్ణయించేటప్పుడు ఒక లెక్క తప్పనిసరిగా వేసుకోవాలి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న తొట్టిలో అంగుళం ఎత్తు నీరంటే సరిగ్గా ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్లు. కరెంటు పోతే ఓవర్‌ఫ్లో అంచుకు పైనున్న నీరంతా సంప్‌లోకి దిగుతుంది. రిటర్న్ గొట్టం మూతి నీటిలో లోతుగా మునిగి ఉంటే సైఫన్ ఏర్పడి ఇంకా ఎక్కువ దిగుతుంది. పైన రెండంగుళాలు తగ్గితే నా సంప్‌లో నాలుగంగుళాలు పెరుగుతుంది. తొమ్మిదంగుళాల మట్టంతో నడుపుతున్నాను కనుక పైన ఇంకా తొమ్మిదంగుళాల ఖాళీ ఉంది, భయం లేదు. అంగడిలో సిద్ధంగా దొరికే రెండడుగుల సంప్‌ను ఇంతటి తొట్టి కింద పెట్టిన ఒక మిత్రుడి ఇంట్లో మొదటి కరెంటు కోతకే హాలంతా ఉప్పునీరయింది. రిటర్న్ గొట్టానికి నీటిమట్టానికి కాస్త కింద చిన్న రంధ్రం చేస్తే మట్టం దిగగానే గాలి పీల్చి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రానికి నాచు పట్టకుండా నెలకోసారి పుల్లతో పొడవడం నేను మానను.

ఇక ప్రోటీన్ స్కిమ్మర్. డబ్బుకు పూర్తి న్యాయం చేసిన పరికరం ఏదంటే నిస్సందేహంగా దీని పేరే చెబుతాను. చేపల రెట్ట, మిగిలిన తిండి నుంచి నీటిలో కరిగే సేంద్రియ పదార్థాలలో చాలా వాటికి ఒక కొన నీటిని కోరుతుంది, మరో కొన నీటికి దూరం జరుగుతుంది. అందువల్ల అవి గాలిబుడగ అంచుకు అంటుకుంటాయి. స్కిమ్మర్ సన్నని బుడగలను నీటితో కలిపి గొట్టంలో పైకి పంపి, మెడ దగ్గర గట్టి నురుగుగా చేసి, గోధుమరంగు మురికిగా గిన్నెలో పడేస్తుంది. ఉప్పునీటిలో బుడగలు సన్నగా ఉండి ఒకదానితో ఒకటి కలిసిపోకుండా ఎక్కువసేపు నిలుస్తాయి. మంచినీటిలో అలా నిలవవు గనుకనే అక్కడ ఇది పనిచేయదు. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ మురికి కుళ్లి నైట్రేట్ కాకముందే నీటిలోంచి బయటికి వస్తుంది. కానిస్టర్ చేయలేనిది సరిగ్గా ఇదే.

మొదట కొన్నది వెయ్యి లీటర్లకు సరిపోతుందని రాసి ఉన్నది. ఆ అంకె చేపలు బాగా తక్కువగా ఉన్న తొట్టికే వర్తిస్తుందని ఆరు నెలలకు అర్థమైంది. నైట్రేట్ 40 కన్నా దిగలేదు. 2019లో పదిహేను వందల లీటర్లదిగా చెప్పే స్కిమ్మర్‌కు మారాను. నెలన్నరలో నైట్రేట్ 15కు వచ్చి, అప్పటి నుంచి 10కీ 15కీ నడుమ ఉంటోంది. అంతకన్నా పెద్దది కొనమని మాత్రం చెప్పను, మురికి చాలకపోతే నురుగు మెడదాకా ఎక్కదు. కొత్తదానికి రెండు వారాలు ఓపిక పట్టాలి. లోపలి ప్లాస్టిక్‌కు సన్నని జీవపొర పట్టేదాకా నురుగు ఒకరోజు పొంగుతుంది, మరునాడు అసలే రాదు. అది నిలబడే అరలో నీటిమట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి, నాదానికి ఎనిమిదంగుళాలు. మెడలోపల జిడ్డు పట్టిందంటే నురుగు సగానికి పడిపోతుంది కనుక వారానికి రెండుసార్లు మెత్తని గుడ్డతో తుడుస్తాను. మూడు నెలలకోసారి పంపు విప్పి తెల్ల వెనిగర్‌లో నానబెడితే సున్నపు పొర కరుగుతుంది. గాలి గొట్టంలో ఉప్పు గడ్డకట్టకుండా నెలకోసారి గోరువెచ్చని నీళ్లు పోయాలి. ఈ మూడు పనులూ చేయలేనివారికి ఎంత ఖరీదైన స్కిమ్మరైనా వృథా.

గాలి గొట్టం గురించి ఇంకో మాట. వేసవిలో కిటికీలు మూసి ఏసీ వేసుకుని పడుకుంటే మనం వదిలే బొగ్గుపులుసు వాయువు గదిలో చేరుతుంది, స్కిమ్మర్ అదే గాలిని నీటికి ఎక్కిస్తుంది. తెల్లవారుజామున నా తొట్టి పీహెచ్ 7.8 ఉండేది. సన్నని గొట్టాన్ని కిటికీ చట్రంలోంచి బయటికి పెట్టాక 8.1కి వచ్చింది. ఖర్చు 200 రూపాయలు కూడా కాలేదు.

ముతక మురికికి సంప్ మొదటి అరలో 200 మైక్రాన్ల ఫిల్టర్ సాకులు (నీటిని వడకట్టే గుడ్డ సంచులు) వాడుతున్నాను. మూడు రోజులకు మించి ఉంచితే అవీ కానిస్టర్‌లాగే నైట్రేట్‌ను తయారుచేస్తాయి. ఎనిమిది సాకులు కొనిపెట్టుకుని, సబ్బు లేకుండా ఉతికి ఎండలో వేస్తాను. ముసురు రోజుల్లో ఆరవు, అదొక్కటే చిక్కు. ఈ శ్రమ తప్పించుకోవడానికి తనంతట తానే చుట్టుకునే ఫిల్టర్‌ను రెండేళ్లు వాడాను. పనితనం నిజంగా బాగుంది. అయితే చుట్టల ఖర్చు ఆగలేదు. మా సముద్రపు గాలికి సెన్సర్ రెండుసార్లు తుప్పుపట్టింది. తీరానికి దూరంగా ఉన్నవారికి దాన్ని సూచించగలను. యాక్టివేటెడ్ కార్బన్ సంచి నెలకొకటి పెడితే నీటి పసుపుదనం పోతుంది. తెల్లమచ్చల జబ్బుకు యూవీ దీపం కొంత సాయమే గాని, కొత్త చేపను వేరే తొట్టిలో కొన్ని వారాలు ఉంచి చూడటానికి అది బదులు కాదు.

సంప్ నడిమి అరలో కీటోమార్ఫా అనే దారపు నాచును పెంచి, దానికి రాత్రిపూట దీపం వెలిగించాను. పగలు తొట్టిలో వెలుగు, రాత్రి సంప్‌లో వెలుగు ఉండటం వల్ల పీహెచ్ రాత్రిపూట మరీ పడిపోదు, నాచు నైట్రేట్‌నూ ఫాస్ఫేట్‌నూ పీల్చుకుంటుంది. 2020లో ఆ ఉత్సాహంలోనే ఫాస్ఫేట్‌ను పట్టే ఇనుప గుళికలను కూడా వేశాను. రెండు నెలల్లో రెండు అంకెలూ సున్నా అయ్యాయి. వెనువెంటనే ఇసుక మీద బుడగలతో కూడిన గోధుమరంగు జిగురు పరచుకుంది. పోషకాలు అసలే లేని నీటిలో డైనోఫ్లాజెలేట్లు అనే సూక్ష్మజీవులు తక్కినవాటిని మించిపోతాయట. గుళికలు తీసేసి, నాచు దీపాన్ని నాలుగు గంటలకు తగ్గించి, తిండి పెంచాక అది పోవడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఫాస్ఫేట్‌ను 0.05కీ 0.1కీ మధ్య ఉంచుతున్నాను, సున్నా కోసం పాకులాడటం లేదు.

వడపోత తరువాత నీటి ఎంపిక. మా పెదనాన్నగారు మొదట్లో "అదేమిటి బాబూ, సముద్రం పక్కనుండి ఉప్పు కొనుక్కుంటున్నావా?" అని ఆశ్చర్యపోయారు. ఆయన మాట మీద ఒకసారి నవంబరులో రుషికొండ నుంచి నీరు తెచ్చి ఉప్పు పాళ్లు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే లవణీయత వెయ్యికి 27 పాళ్లు చూపింది; అక్వేరియానికి 35 కావాలి. వానాకాలం తరువాత గంగా, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిన మంచినీరు తీరం వెంబడి దక్షిణానికి ప్రవహిస్తుంది కనుక ఆ నెలల్లో మా తీరపు నీరు బాగా పలచన. అది కాక, నగరం ఒడ్డున తోడిన నీటిలో ఇంకేమి కలిసిందో ఇంట్లో పరీక్షించలేం. ఆర్‌వో తరువాత మిగిలిన లవణాలనూ పట్టేసే డీఅయొనైజేషన్ రెసిన్ దాటించి, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) సున్నా ఉన్న నీటిలోనే ఉప్పు కలుపుతాను. వంటింటి ఆర్‌వో యంత్రాలు రుచి కోసం ఖనిజాలను మళ్లీ కలుపుతాయి, ఆ నీరు దీనికి పనికిరాదు.

కరెంటు విషయంలో నాకు గుణపాఠం 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను. అప్పుడున్న మూడడుగుల మంచినీటి తొట్టిలో, రోజుల తరబడి కరెంటు లేక, ఒక్క చేపా మిగలలేదు. ఇప్పుడు 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఇన్వర్టర్ మీద స్కిమ్మర్‌ను, రిటర్న్ పంపును పెట్టలేదు. 20 వాట్ల డీసీ వేవ్‌మేకర్ (తొట్టిలో నీటిని కదిలించే పంపు), చిన్న గాలిపంపు మాత్రమే పెట్టాను. ఆ కొద్ది లోడుకు ఒక రోజు పైనే వస్తుంది. రాళ్ల చుట్టూ నీరు కదులుతూ ఉంటే బ్యాక్టీరియాకూ చేపలకూ ప్రాణవాయువు అందుతుంది, స్కిమ్మర్ ఒక రోజు ఆగినా నష్టం లేదు.

సంప్ అతుకుల్లో సిలికాన్ ఈ ఏడు అక్కడక్కడ పసుపెక్కి అంచులు లేస్తోంది, కనుక సంక్రాంతి తరువాత కొత్తది కట్టించబోతున్నాను. కొలతలు అవే. సాకుల అరను మాత్రం నాలుగంగుళాలు వెడల్పు చేయించి, మూడు సాకులు పక్కపక్కనే పట్టేటట్టు గీసి గాజు మేస్త్రికి ఇచ్చాను; నాచు అర ఉండదు.