బోటు కడిగే పైపుకి రోలర్ గైడ్లు: మూడేళ్లు వాడాక

ముందే చెప్పేస్తాను. బోటు కడిగేటప్పుడు పైపు అంచుకి రాసుకోకుండా జారడానికి సక్షన్ కప్పులతో అతికించే రోలర్ గైడ్లు, నాలుగు ఉండే సెట్టు, కొని మూడేళ్లయింది. వాటిలో ఒకటి నీళ్లలో మునిగిపోయింది, ఒకటి విరిగింది, మిగతా రెండూ ఇంకా నడుస్తున్నాయి. ఐదుకి మూడు ఇస్తాను, అది కూడా ఆ వస్తువు గొప్పదని కాదు, అది లేకుండా కడిగిన రోజులు నాకింకా గుర్తున్నాయి కాబట్టి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికే నాకు ఏడాది పైన పట్టింది.

మాది 23 అడుగుల ఫైబర్ బోటు. వెనక ఔట్‌బోర్డ్ మోటారు, ముందు వైపు చుట్టూ స్టీలు రెయిలింగ్, స్టీరింగ్ మీద ఎండకి స్టీలు గొట్టాల మీద కట్టిన గుడ్డ పందిరి. ఉప్పునీళ్లలో తిరుగుతుంది కనుక తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లు కొట్టాల్సిందే, బద్ధకిస్తే స్టీలు మీద గోధుమరంగు చుక్కలు, అద్దం మీద తెల్ల మరకలు తేలతాయి. అంటే వారానికి ఒకటి రెండు సార్లు 15 మీటర్ల పైపుని ఆ బోటు మీద అటూ ఇటూ ఈడ్చుకుంటూ తిరిగేవాణ్ని. ఆ ఈడ్చడం వల్ల ఏమవుతోందో మొదటి ఏడాదంతా చూసుకోలేదు.

ఒక సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు కనిపించింది. జెట్టీ వైపు అంచు మీద, సరిగ్గా పైపు ఎక్కొచ్చే చోట, అరచేయంత వెడల్పున మెరుపు పోయి మాసిన పట్టీలా ఉంది. దగ్గరికెళ్లి చూస్తే సన్నటి గీతలు వందల కొద్దీ, అన్నీ ఒకే దిక్కుకి. మెట్టు మూల మీద ఇంకో పట్టీ. మిగతా ఒళ్లంతా బాగానే ఉంది! కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఉప్పు వదిలించబోయి మెరుపు వదిలించాను.

పైపు మెత్తగానే ఉంటుంది కదా, గీతలెలా పడతాయి అని మీకూ అనిపించొచ్చు. గీసేది పైపు కాదు, దానికి అంటుకున్న ఇసుక. తడి పైపు జెట్టీ మీద దొర్లినప్పుడు ఇసుక రేణువుల్ని ఒంటికి పట్టించుకుని వస్తుంది, ఆ తర్వాత దాన్ని అంచు మీదుగా లాగితే అది గరుకు కాగితమే. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలతలో 7, కిటికీ అద్దం కన్నా గట్టిది. దాని ముందు బోటు పై పొర, మనం జెల్‌కోట్ అనేది, ఎంత? పాలియెస్టర్ రెజిన్ అనే ఒక రకం ప్లాస్టిక్, మందం సుమారు అర మిల్లీమీటరు. గీతలు పోవాలని పాలిష్ పట్టిన ప్రతిసారీ ఆ అర మిల్లీమీటరులోంచే కొంత అరుగుతుంది కాబట్టి, పోనీలే పాలిష్ ఉందిగా అనుకోవడానికి లేదు.

దీనికి తోడు బరువు. అరంగుళం పైపు నిండితే మీటరుకి దాదాపు 127 గ్రాముల నీళ్లు, 15 మీటర్లకి రెండు కిలోలకి కొంచెం తక్కువ. అంగుళంలో ఎనిమిదింట ఐదు వంతులుండే లావు పైపైతే మూడు కిలోలు, పైపు సొంత బరువు కాకుండా. నీళ్లు ధారాళంగా వస్తాయని నేను మొదట్లో వాడింది ఆ లావు పైపే, పైగా నల్ల రబ్బరుది. తెల్ల అంచు మీద అది వేసిన నల్ల చారలు ఎలాగో తుడిచాను, కానీ ఓ మధ్యాహ్నం దాన్ని చుట్టచుట్టి తెల్ల రెగ్జిన్ సీటు మీద వదిలేసి వెళ్తే, చుట్ట ఆకారంలోనే పసుపు తిరిగిన మరక దిగింది. పైన అంటుకున్న మురికి కాదది, రబ్బరులోని రసాయనం రెగ్జిన్ లోపలికి పాకినది, ఏ సబ్బుకీ లొంగలేదు. ఎవరైనా బోటెక్కితే ఇప్పటికీ ఆ సీటు మీద తువ్వాలు పరిచే ఉంటుంది.

గైడ్లు కొనకముందు ఇంకా చాలా చేశాను. మొదట మా బావమరిదిని పైపు పట్టుకోమన్నాను. రెండు వారాలు పట్టుకున్నాడు, మూడో వారం "బావా, నన్ను రమ్మంది బోటెక్కడానికా, పైపు మొయ్యడానికా?" అన్నాడు. న్యాయమే. తర్వాత అంచు మీద పాత తువ్వాలు మడిచి వేశాను, అది తడిసి ఇసుకని పట్టుకుని కూర్చుంది, పైపు కదిలినప్పుడల్లా తువ్వాలు కూడా కదిలి కింద మళ్లీ అదే గరుకు కాగితం పని. ఏసీ రాగి గొట్టాలకి తొడిగే నల్ల ఫోమ్ చీల్చి పైపుకి తొడిగితే ఎండకి కొన్నాళ్లలోనే పొడిపొడిగా రాలి డెక్ నిండా నల్ల నుసి. ఈత కొలనుల్లో పిల్లలు పట్టుకుని తేలే రంగురంగుల ఫోమ్ కర్రలుంటాయి చూడండి, వాటి ముక్కలు మాత్రం బాగా పనిచేశాయి. అడుగుకో ముక్క తొడిగితే పైపు డెక్‌కి తగలదు, నీళ్లలో పడ్డా తేలుతుంది. కానీ తాడు కట్టే క్లీటు కనిపిస్తే చాలు, వెళ్లి కౌగిలించుకునేవి. ప్రతి రెండు నిమిషాలకీ వెనక్కెళ్లి విడిపించుకోవాలి.

ఇక గైడ్ల సంగతి. ఒక్కోదానికి ఆరు సెంటీమీటర్ల రబ్బరు కప్పు, పైన మీట, మీట నొక్కితే కప్పు బిగుసుకుంటుంది. దాని మీద నిటారుగా రెండు ప్లాస్టిక్ రోలర్లు, అడుగున అడ్డంగా ఇంకోటి. పైపు ఆ మూడింటి మధ్యలోంచి, అంచుకి నాలుగు వేళ్ల ఎత్తులో జారుతూ పోతుంది. మొదటి రోజు పైపు లాగుతుంటే అసలు బరువే తెలియలేదు. ఆ నెలంతా కనిపించిన ప్రతివాళ్లకీ కొనమని చెప్పాను, ఇప్పుడు వాళ్లలో కొందరు నన్ను చూసి నవ్వుతున్నారు.

గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి కిలో లెక్కన ఆ కప్పు కాగితం మీద లెక్కకి 28 కిలోలు ఆపాలి. కప్పుని నిలువుగా పైకి లాగితే, లోపల గాలి బొత్తిగా లేకపోతే, అడుగు అద్దంలా ఉంటే వచ్చే లెక్క అది. మనం లాగేది పక్కకి, అదీ కుదుపులతో. కాలు జారకుండా గరుకుగా చేసిన డెక్ మీద అసలు అంటుకోదు, సందుల్లోంచి గాలి దూరుతుంది. పాతబడిన జెల్‌కోట్ మీద కూడా నిలవదు. అరచేత్తో రుద్ది చూడండి, చేతికి తెల్ల పొడి అంటితే అక్కడ కప్పు మీద ఆశ వదులుకోండి. నున్నటి చోటైనా ముందు తుడిచి, కాస్త తడిచేసి అతికించాలి, ఆ కప్పు కింద ఒక్క ఇసుక రేణువున్నా గుండ్రటి గీత మీరే గీసినట్టు. ఎండకి కాలిపోతున్న అంచు మీదైతే మధ్యమధ్య చెయ్యేసి బిగువు చూసుకోవాలి, లేకపోతే చెప్పాపెట్టకుండా ఊడుతుంది. మొదటిది అలాగే పోయింది. టప్‌మని ఊడి, నీళ్లలో పడి, నేను వంగి చూసేలోపే కనిపించకుండా పోయింది. బోటు కోసమని చేసిన వస్తువు తేలాలన్న ఆలోచన తయారుచేసినవాళ్లకి ఎందుకు రాలేదో నాకర్థం కాదు. ఆ రోజే మిగతా మూడింటికీ నైలాన్ తాడు కట్టి రెయిలింగ్‌కి ముడేశాను.

రెండోది విరగడంలో తప్పు నాది. రెండు పైపులు కలిపే ఇత్తడి జాయింటు రోలర్ల మధ్య పట్టలేదు, నేను వెనక్కి తిరిగి చూడకుండా గట్టిగా లాగాను. రోలరు చువ్వ విరిగి, కప్పు ఊడి, ఆ జాయింటు ఎగిరొచ్చి డెక్ మూలకి కొట్టుకుంది, చిటికెన వేలి గోరంత జెల్‌కోట్ పెచ్చు లేచింది. ఈ మూడేళ్లలో బోటుకి తగిలిన పెద్ద దెబ్బ అదే, అదీ గైడు పెట్టుకున్న రోజున. అప్పటినుంచి జాయింట్లు లేని ఒకే ముక్క పైపు, అరంగుళంది, తెల్లటిది. నాజిల్ దగ్గర ఇత్తడి బదులు ప్లాస్టిక్ కప్లింగ్. నాజిల్ కూడా మీట వదిలితే నీళ్లు ఆగిపోయేదే ఉండాలి, మామూలుది చెయ్యిజారితే పాములా మెలికలు తిరుగుతూ డెక్కంతా కొడుతుంది.

రోలర్లలో ఉప్పు చేరి ఆరో నెలకి తిరగడం మానేశాయి. తిరగని రోలరు మీద పైపు రాసుకుపోతుందే తప్ప జారదు. వాడిన ప్రతిసారీ బకెట్ మంచినీళ్లలో ముంచి తీస్తే సమస్య లేదు, అది నాకు ఆలస్యంగా తెలిసింది. చువ్వలు స్టీలువే గానీ తుప్పు కారి అంచు మీద గోధుమ చార దిగితే వాటి స్థానంలో నైలాన్ బోల్టులు వేశాను. రోలర్లు మరీ సన్నం కావడం ఇంకో లోపం, పైపు వాటి చుట్టూ బాగా మలుపు తిరిగితే మడతపడి నీళ్లు ఆగిపోతాయి, అప్పుడు మనం లాగుతాం, లాగితే కప్పు ఊడుతుంది.

ఇంతకీ ఏడాది పైన పట్టిందన్న విషయం ఏంటంటే, పైపు బోటు మీద అన్నిచోట్లా సమానంగా రాసుకోదు. కుళాయి నుంచి మన చేతి దాకా లాగి పట్టిన పైపు రెండు చోట్లో మూడు చోట్లో మలుపు తిరుగుతుంది, బరువంతా ఆ మలుపుల మీదే ఆనుతుంది, నాకు పడిన పట్టీలు రెండూ ఆ మలుపుల దగ్గరే. నేను మాత్రం గైడ్లని అంచు పొడవునా సమాన దూరంలో, పెళ్లిపందిరికి మామిడాకులు కట్టినట్టు, అందంగా అతికించేవాణ్ని. నాలుగింట్లో రెండు ఏ పనీ లేకుండా ఎండలో కూర్చునేవి, మూలేమో అరుగుతూనే ఉండేది. కాబట్టి మీరు కొన్నా కొనకపోయినా ముందు ఒకసారి ఖాళీ పైపు పట్టుకుని బోటంతా తిరగండి, ఎక్కడ మలుపు తిరుగుతోందో చూసి అక్కడ టేపు ముక్క అతికించండి. నాకు రెండే వచ్చాయి. మిగిలిన రెండు గైడ్లూ చాలింది అందుకే.

డెక్, సీట్లు కడిగేటప్పుడు ఇప్పుడు వాటిని కూడా వాడను. జెట్టీ స్తంభానికి తలెత్తులో ఒక కొక్కెం, బోటు మీద పందిరి గొట్టానికి తాడుతో వేలాడదీసిన నున్నటి ప్లాస్టిక్ రింగు, అంతే. పైపు స్తంభం మీద నుంచి రింగులోంచి నా చేతికి వస్తుంది, అంచుని దాటి రావాల్సిన పనే లేదు. రింగు బదులు కప్పీ కడదామనుకున్నాను, కానీ గాలికి ఊగి గొట్టానికి టంగుటంగుమని కొట్టుకుంటుంటే తీసేశాను. పందిరి గొట్టాలు గట్టివేమీ కావు, గుంజకుండా నెమ్మదిగా లాగాలి. ఖర్చు లేని ఈ ఏర్పాటు నేను డబ్బు పెట్టి కొన్న సెట్టు కన్నా బాగా పనిచేస్తోందని ఒప్పుకోవడానికి కొంచెం బాధగానే ఉంది.

పక్కలు కడిగేటప్పుడు గైడూ వద్దు, రింగూ వద్దు. పైపుని వీపు మీదుగా తెచ్చి భుజం మీద వేసుకుంటే వేలాడే ముక్క బోటుకి తగలకుండా మన వెనకే ఉంటుంది. ఆ రోజు బెల్టు పెట్టుకోకండి, బకిల్ గీసే గీత పైపు గీసే గీతకన్నా లోతు. ట్రైలర్ మీద కడిగితే గొడవంతా టైర్ల దగ్గరే, పైపు వెళ్లి టైరు కింద ఇరుక్కుంటుంది, మనం లాగుతాం, అది ఊడొచ్చి బోటు పొట్టకి తగులుతుంది. కార్లు కడిగేవాళ్లు టైరు కింద దోపే చిన్న రోలర్ ముక్కలున్నాయి, ట్రైలర్‌కీ సరిపోతాయి, వాటిమీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఇవన్నీ చేసినా పైపు ఒంటికి ఇసుక ఉంటే ఎక్కడో ఒకచోట గీస్తుంది. అందుకే బోటెక్కే ముందు తడిగుడ్డ గుప్పిట్లో పట్టుకుని పైపుని మొదలు నుంచి చివరిదాకా అందులోంచి లాగుతాను. రెండు నిమిషాలు పట్టదు. గుడ్డ విప్పి చూస్తే ఎంత ఇసుక దిగుతుందో, ఈ పని చెయ్యకుండా నేను గడిపిన మొదటి ఏడాది గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

కొనాలా వద్దా అంటే, బోటు కొత్తదై, అంచులు నున్నగా ఉండి, పందిరి లేకపోతే కొనండి, నాలుగు అక్కర్లేదు, రెండు చాలు. రెయిలింగ్ ఉంటే కప్పువి వదిలేసి గొట్టానికి బిగించే క్లాంపు రకం తీసుకోండి, రోలర్లు వీలైనంత లావువి, మధ్య సందులో మీ పైపు చివరి కప్లింగ్ దూరుతుందో లేదో కొలిచి మరీ. క్లాంపు రకం పక్క జెట్టీలో ఒకాయన దగ్గర అడిగి తెచ్చి రెండు నెలలు వాడాను, ఒక్కసారి కూడా ఊడలేదు. ఆయన తిరిగి అడిగారు, ఇచ్చేశాను. ఈసారి కొనేది అదే.